కాలవలు కట్టే తేదీ



దాళ్వా, అంటే రెండో పంట వరి, నారుమళ్లు పోసే రోజులు దగ్గరపడగానే మన గోదావరి జిల్లాల కలెక్టరాఫీసుల్లో ఒక సమావేశం జరుగుతుంది. నీటిపారుదల సలహా మండలి అంటారు దాన్ని. కలెక్టరు గారు మధ్యలో కూర్చుంటారు. ధవళేశ్వరం నుంచి ఇరిగేషన్ ఇంజనీర్లు లెక్కల కాగితాలతో వస్తారు. ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, నీటి సంఘాల పెద్దలు వస్తారు. గోదావరిలో సహజంగా పారే నీరెంత, సీలేరు కరెంటు కేంద్రాల నుంచి దిగే నీరెంత, రెండూ కలిపితే ఎన్ని ఎకరాల దాళ్వాకి సరిపోతుంది, చివరికి కాలవలు ఏ తేదీన కట్టాలి, అంటే నీళ్లు ఎప్పుడు ఆపాలి... ఇదే అక్కడ చర్చ. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త వస్తుంది. అదే అసెంబ్లీలో ఎవరైనా కాగితాలు చింపి గాల్లోకి విసిరారనుకోండి, మొదటి పేజీలో బొమ్మతో సహా వేస్తారు.

నన్నడిగితే, గోదావరి ఎమ్మెల్యే పనితనం తెలిసేది ఆ నాలుగు లైన్ల దగ్గరే.

ఎందుకో చెబుతాను. దాళ్వాకి మార్చి నెలాఖరు దాకా నీళ్లిస్తామని ఇంజనీర్లు అంటారు. మార్చి మూడో వారం వచ్చేసరికి శివారు ఊళ్ల రైతులు ఎమ్మెల్యే గారి ఇంటికి బయల్దేరతారు. "చేను పాలు పోసుకుంటోందండి, ఇంకో పది రోజులు నీళ్లిప్పించండి. ఇప్పుడు కట్టేస్తే తాలు తప్ప ఏం మిగలదండి" అంటారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు. నాట్లు ఆలస్యమైన చేనుకు ఆ పది రోజులే ప్రాణం. ఎమ్మెల్యే ఇరిగేషన్ ఎస్ఈ గారికి ఫోన్ చేస్తాడు. అక్కడ పని కాకపోతే మంత్రి గారికి చేస్తాడు. గడువు ఏప్రిల్ నడిమికి జరుగుతుంది. ఊళ్లో ఆయన మెడలో దండ పడుతుంది.

కానీ కాలవలో నీరున్నంతకాలం కాలవలో పని జరగదు. లాకు తలుపులు మార్చాలన్నా, తూము బాగుచెయ్యాలన్నా, జారిన గట్టుకి రాయి పేర్చాలన్నా, పూడిక తియ్యాలన్నా ముందు కాలవ ఎండాలి. కట్టిన రోజు నుంచి మళ్లీ వదిలే రోజు దాకా రెండు నెలలు దొరికితే గొప్ప. అలా కట్టే ముందు కూడా ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. ఈలోగా టెండరు తేలాలి, కాంట్రాక్టరు మిషన్లు దింపాలి. దింపేసరికి మే నెల సగం గడిచిపోతుంది. అప్పటికే తొలి పంట సార్వాకి నీళ్లెప్పుడొదుల్తారని రైతు అడుగుతూ ఉంటాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. స్వర్ణ లాంటి రకం కోతకు రావడానికి అయిదు నెలలు పడుతుంది. నాట్లు జులై దాటితే కోతలు నవంబరు తుపాన్ల నోట్లో పడతాయి. 1996 నవంబరు 6న కోనసీమని ముంచిన తుపాను ఎవరూ మరిచిపోలేదు కదా. ఇక సార్వా ఆలస్యమైతే దాళ్వా ఆలస్యం. దాళ్వా ఆలస్యమైతే మళ్లీ మార్చిలో "ఇంకో పది రోజులండి" అంటూ అదే గుమ్మం ముందు నిలబడతారు. ఏడాదికేడాది ఇదే వరస.

2022లో గోదావరి డెల్టాకి జూన్ 1నే నీళ్లొదిలారు. ఏ పార్టీ ప్రభుత్వమన్నది పక్కన పెడితే అది మంచి పని. దాన్ని ప్రతి ఏడూ నిలబెట్టాలంటే వెనక ఏప్రిల్‌ని కాపాడుకోవాలి. డెల్టా ఆధునికీకరణ అని ఏళ్ల తరబడి వింటున్నాం. అంచనాలు తయారయ్యాయి, జీవోలు వచ్చాయి, కొన్ని పనులయ్యాయి, చాలా పనులు కాలేదు. నిధులు లేకపోవడం ఒక కారణమైతే, నిధులున్న ఏడు కూడా పని చెయ్యడానికి రోజులు లేకపోవడం మరో కారణం. కాలవ ఎందుకు బాగుపడలేదని ఎమ్మెల్యేని నిలదీసేదీ మనమే. పది రోజులు పొడిగించలేదని ఓటుతో బెదిరించేదీ మనమే. ఆ రెండు కోరికలూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయని ఆయన మనకు చెప్పడు. చెబితే బాగుండదని ఆయన భయం.

ఇక మురుగు సంగతి చెప్పుకోవాలి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడని పిల్లలు కూడా చెబుతారు. డెల్టాకి నీళ్లు తేవడం సగం పనే. పారిన నీళ్లు, కురిసిన నీళ్లు సముద్రంలోకి దిగాలి కదా. సముద్రం దగ్గరికి పోయేకొద్దీ మన నేల పళ్లెంలా ఉంటుంది. యనమదుర్రు, తుల్యభాగ, కౌశిక... ఈ డ్రెయిన్ల పేర్లు శివారు రైతుకి కంఠతా వచ్చు. గుర్రపుడెక్క పట్టి, కిక్కిస మొలిచి, గట్టు ఆక్రమించి, అవి సగానికి సగం పూడిపోతే ఒక వానకే చేలు చెరువులవుతాయి. ఎగువన ఎర్రకాలవ పొంగితే ఆ వరద నందమూరు అక్విడక్టు దాటి యనమదుర్రులో పడి భీమవరం దాకా వస్తుంది. ఎక్కడో మెట్టలో కురిసిన వాన ఇక్కడ చేలో నిలుస్తుందన్నమాట.

ఈ మురుగు కోసం ఒకప్పుడు చట్టసభ ఏకంగా ఒక చట్టమే చేసింది. 1964లో మిత్రా అనే ఇంజనీరు ఆధ్వర్యంలో నిపుణుల సంఘం వేశారు. కృష్ణా, గోదావరి డెల్టాల ముంపు ఎందుకు, ఏం చెయ్యాలి అని ఆ సంఘం చూసి చెప్పింది. ఆ దారిలోనే 1968లో, కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా, కృష్ణా గోదావరి డెల్టా ప్రాంత మురుగు పారుదల సెస్సు చట్టం వచ్చింది. రాష్ట్రమంతటికీ కాదు, డెల్టాకి మాత్రమే. డెల్టా భూముల మీద పన్ను వేసి, ఆ సొమ్ము డ్రెయిన్ల పథకాలకు వాడాలన్నది దాని ఉద్దేశం. ప్రాంతీయ చట్టమంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. ఇందులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. మా చేలు మునుగుతున్నాయి, ప్రభుత్వం ఏదో చెయ్యాలి అని వదిలెయ్యకుండా, ఆ ఖర్చులో మా ఎకరాలూ కొంత మొయ్యాలన్న ఏర్పాటుకి చట్టసభ ఒప్పుకుంది. ఇవాళ ఏ ఎమ్మెల్యే అయినా తన నియోజకవర్గం మీద కొత్త సెస్సు వెయ్యమని సభలో లేచి అడగగలడా? నాకు అనుమానమే.

చట్టసభలో మన వాళ్లకి మొదట్లో ఉన్న అధికారం ఎంతో తెలిస్తే నవ్వొస్తుంది. బ్రిటిష్ వాళ్ల 1892 చట్టం కింద మద్రాసు శాసనమండలిలో సభ్యుడు ప్రశ్న అడగవచ్చు. జవాబు నచ్చకపోతే దానిమీద మరో ప్రశ్న అడగడానికి వీల్లేదు. బడ్జెట్ మీద మాట్లాడవచ్చు గాని ఓటు లేదు. రాజమండ్రి న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు గారు ఆ రోజుల్లోనే మండలిలో కూర్చున్నారు. ఆ తర్వాత 1919 సంస్కరణలొచ్చి ఎన్నికైన మంత్రులు వచ్చారు గాని, భూమిశిస్తు, నీటిపారుదల మాత్రం గవర్నరు చేతిలోనే ఉంచుకున్నారు. డెల్టా రైతుకి కావలసినవి సరిగ్గా ఆ రెండే! 1920ల చివర గోదావరి జిల్లాల్లో రీసెటిల్‌మెంటు పేరుతో శిస్తు పెంచబోతే ఊరూరా సభలు జరిగాయి, మండలిలో గొడవైంది. మాట మన వాళ్లది, నిర్ణయం గవర్నరు కార్యాలయానిది.

తర్వాత అసలైన అధికారం చేతికొచ్చాక మన వాళ్లు దాన్ని ఎలా వాడారో చూడండి. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులు గారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా చేసినాయన. జమీందారీ రైతుల కష్టాల మీద వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. సాక్ష్యాలు తీసుకుని, భూమికి హక్కుదారు రైతేనని 1938లో నివేదిక ఇచ్చారు. ఆ మంత్రివర్గం మరుసటేడే దిగిపోయింది. నివేదిక అలాగే ఉండిపోయింది. పదేళ్లు తిరిగాక ఆ పని కొస తేల్చింది మన కోనసీమ మనిషి, ముక్కామలకు చెందిన కళా వెంకటరావు గారు. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రి. ముందు 1947లో జమీందారీల్లో శిస్తులు తగ్గించే చట్టం, ఆ మరుసటేడు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాయి. పిఠాపురం లాంటి పెద్ద పెద్ద సంస్థానాలు రైత్వారీలోకి వచ్చేశాయి. ఆయన తన ఊరికి ఎన్ని రోడ్లు వేయించారో నాకు తెలియదు, ఎవరూ అడిగినట్టూ లేదు.

ఇప్పుడు ఎమ్మెల్యేని మనం అడిగేవి వేరు. సిమెంటు రోడ్డు, పింఛను, బదిలీ, స్టేషన్లో ఒక మాట, పెళ్లికి రావడం, చావుకి రావడం. వీటిలో సగం పంచాయతీ సర్పంచి పని, కొన్ని తహసీల్దారు పని, కొన్ని అసలు ఎవరూ చెయ్యకూడని పని. పొద్దున్నే ఆయన ఇంటి ముందు చూస్తే జనం ఉంటారు, చేతిలో అర్జీలుంటాయి. సభ కూర్చునేది ఏడాదిలో కొద్ది వారాలు. ఆ వారాల్లో ఆయన ఏ ప్రశ్న వేశాడో, ఏ పద్దు మీద మాట్లాడాడో, మంత్రి ఏం హామీ ఇచ్చాడో మనకు పట్టదు. నక్షత్రం గుర్తు ప్రశ్న వంతు వస్తే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్న వెయ్యొచ్చు. న్యాపతి వారికి లేని హక్కు అది. సభలో మంత్రి "పరిశీలిస్తాం, చేస్తాం" అంటే ఆ మాట ఏమైందో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. ఊళ్లో శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు ఎన్నో లైన్లో ఉందో లెక్కపెట్టే మనం, ఆ కమిటీ పేరు కూడా వినలేదు.

సొంతంగా బిల్లు పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. పెట్టొచ్చు. అయితే ఖజానా నుంచి ఖర్చుపెట్టించే బిల్లుకి రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం గవర్నరు సిఫారసు ఉండాలి. అంటే ప్రభుత్వం కాదంటే అది అక్కడే ఆగుతుంది. మామూలు సభ్యుడు పెట్టిన బిల్లు చట్టమవడం అరుదు. అందుకే తెలివైన సభ్యుడు బిల్లు పెట్టడం కంటే ప్రభుత్వం తెచ్చే బిల్లులో ఒక క్లాజు మార్పించడం మీద పనిచేస్తాడు. 1997లో రైతుల చేతికి కాలవల నిర్వహణ అప్పగిస్తూ చట్టం వచ్చింది. నీటి వినియోగదారుల సంఘాలు, వాటి పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆ పైన ప్రాజెక్టు కమిటీలు. కాగితం మీద గొప్ప ఏర్పాటు. ఎన్నికలు ఒకసారి జరగడం, మరోసారి వాయిదాపడటంతో సంఘాలు చాలా ఏళ్లు నీరసించాయి. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు పెట్టారు. సంఘం బలంగా ఉంటే పది రోజుల పొడిగింపు కోసం ఎమ్మెల్యే గుమ్మం ఎక్కాల్సిన పనే ఉండదు. బహుశా అందుకే ఏ ఎమ్మెల్యేకీ సంఘం మరీ బలపడటం అంత ఇష్టం ఉండదేమో. ఇది నా అనుమానం మాత్రమే సుమండీ.

సభ తీర్మానం చేస్తే అన్నీ జరిగిపోతాయని కూడా అనుకోకూడదు. కొల్లేరు కథ చూడండి. 1999 అక్టోబరులో జీవో 120 ద్వారా అయిదో కాంటూరు వరకూ, 308 చదరపు కిలోమీటర్లు, పక్షుల అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొల్లేరు లంక ఊళ్ల బతుకు తలకిందులైంది. అక్కడి ఎమ్మెల్యేల మీద ఒత్తిడి వచ్చింది. 2008లో శాసనసభ, అయిదు కాదు మూడో కాంటూరుకి కుదించాలని తీర్మానం చేసింది. పార్టీలకతీతంగా అందరూ ఒప్పుకున్నారు. కానీ ఆ సరికే కేంద్ర వన్యప్రాణి చట్టం మారిపోయింది. అభయారణ్యం హద్దులు మార్చడానికి జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు కావాలి, పైన సుప్రీంకోర్టు ఉంది. తీర్మానం ఢిల్లీకి వెళ్లింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా మూడో కాంటూరు మాట మళ్లీ లేస్తుంది. ఆ హామీ ఇచ్చేవాళ్లకి ఇది తమ సభ చేతిలో లేదని తెలుసు. తెలిసీ చెప్పకపోవడమే నాకు కోపం తెప్పిస్తుంది.

వంతెనల సంగతీ అంతే, ఒక్క సభ చేతిలో ఉండదు. జీఎంసీ బాలయోగి గారు ఎదుర్లంకలో పుట్టారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడు, తర్వాత ఎంపీ, ఓడిపోయి ముమ్మిడివరం నుంచి ఎమ్మెల్యే, రాష్ట్రంలో మంత్రి, 1998లో లోక్‌సభ స్పీకరు. జిల్లా పరిషత్, శాసనసభ, పార్లమెంటు మూడింటి తలుపులూ ఆయనకు తెలుసు. గౌతమి మీద యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన ఇవాళ ఆయన పేరుతో ఉంది. 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. అదే వశిష్ట మీద నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వంతెన కథ వేరు. ఒకటికి మించి శంకుస్థాపనలు జరిగాయి, పంటు ప్రయాణం మాత్రం ఆగలేదు. అటు కోనసీమ, ఇటు పశ్చిమ గోదావరి. రెండు జిల్లాలు, రెండు నియోజకవర్గాలు. ఏ ఒక్కరికీ అది పూర్తిగా సొంత పని కాదు.

బాలయోగి వంతెన అవతలి ఒడ్డు యానాం. మనలాగే తెలుగువాళ్లు, కాని పుదుచ్చేరి శాసనసభకి ఎన్నుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో యానాం జనం 55,626. వాళ్లందరికీ ఒక ఎమ్మెల్యే. ఇవతల ఒడ్డున రాష్ట్ర జనాభాని 175తో భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యేకి సుమారు రెండు లక్షల ఎనభై వేల మంది తేలతారు. యానాంలో రోడ్లు, దీపాలు చూసి వచ్చి మన ఎమ్మెల్యేని తిట్టేవాళ్లు ఈ లెక్క కూడా చూసి తిడితే నాకు అభ్యంతరం లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక మరో చిక్కు వచ్చింది. ఉభయ గోదావరుల 34 నియోజకవర్గాలు ఒకప్పుడు రెండు జిల్లాల్లో ఉండేవి, ఇప్పుడు ఇంకా ఎక్కువ జిల్లాల్లో పంచుకుపోయాయి. పశ్చిమ డెల్టా కాలవ తల విజ్జేశ్వరం దగ్గర. అది ఇప్పుడు రాజమండ్రి కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. కాలవ చివర మొగల్తూరు వైపు శివారు చేలు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. తల ఒక కలెక్టరుకి, తోక మరో కలెక్టరుకి. ఎగువన నీళ్లు ఎక్కువ తోడుకుంటే దిగువన వంతు తగ్గుతుంది. రెండు సలహా మండళ్లు వేర్వేరుగా కూర్చుంటే ఆ తగాదా ఎవరు తీర్చాలి? ఈ ప్రశ్న వెయ్యాల్సింది ఇరిగేషన్ శాఖ మాత్రమే కాదు, శివారు ఎమ్మెల్యే కూడా, సభలో లేచి.

మళ్లీ మురుగు దగ్గరికే వద్దాం. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు బీడు పెట్టారు. ధర లేదన్నారు, కూలీలు దొరకడం లేదన్నారు, వాటితోపాటు డ్రెయిన్లు పూడి చేలు మునుగుతున్నాయని, కాలవ నీళ్లు ఆలస్యంగా వస్తున్నాయని చెప్పారు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని వేసింది. ముంపు సమస్య మీద 1964లో ఒక కమిటీ, 1968లో చట్టం, 2011లో మళ్లీ ఒక కమిటీ. మధ్యలో ఎన్ని శాసనసభలు వచ్చి వెళ్లాయో మీరే చూసుకోండి. చట్టం చేసిన సభకి దాన్ని ప్రతి ఏడూ వెంటాడే ఓపిక ఉండదు. ఆ ఓపిక నియోజకవర్గం నుంచి రావాలి.

కాబట్టి ఈసారి సలహా మండలి కూర్చునే ముందు మీ ఎమ్మెల్యే గారిని కలిసే పని ఉంటే, తేదీతోపాటు ఒక కాగితం అడగండి. కాలవలు కట్టాక ఏయే పనులు చేస్తారు, ఏ లాకు, ఏ తూము, ఏ డ్రెయిన్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, టెండరు అయిందా లేదా అన్న జాబితా. టెండర్లు ఫిబ్రవరికల్లా తేలకపోతే ఆ జాబితాకి అర్థం లేదు. దాన్ని పంచాయతీ ఆఫీసు గోడకి అంటించమనండి. మార్చిలో రైతులు పది రోజుల పొడిగింపుకి వస్తే ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లి, "ఇదిగో, ఈ పది రోజులిస్తే మన ఊరి తూము పని ఈ ఏడుకి లేనట్టే, ఏది కావాలో మీరే చెప్పండి" అనమనండి. అలా అన్న ఎమ్మెల్యేకి ఓట్లు రాలవని చాలామంది అంటారు. కావచ్చు. కాని అలా అని చూసినవాణ్ణి నేనింకా చూడలేదు.